ఆటపాక గూడబాతులు, గండికోట చుక్కలు: నాన్నగారి కోసం మూడు ఫొటోలు, మూడు సందేహాలు

ప్రశ్న (ఏలూరు నుంచి)

అందరికీ నమస్కారం. వైశాఖంలో మా నాన్నగారి షష్టిపూర్తి. బట్టలు, ఉంగరం అన్నయ్య చూసుకుంటున్నాడు. నేను తీసిన ఫొటోల్లో నాకు బాగా ఇష్టమైనవి మూడు పెద్దగా ప్రింట్ చేయించి హాల్లో గోడకి పెట్టాలని నా కోరిక. ఒకటి పక్షి, ఒకటి రాత్రి ఆకాశం, ఒకటి ప్రయాణం. చిన్నప్పుడు నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని కొల్లేరు గట్ల వెంట తిప్పింది, కొంగకీ గూడబాతుకీ తేడా చెప్పింది ఆయనే. అందుకే ఏదో ఒకటిలే అని సర్దుకోబుద్ధి కావడం లేదు.

నా దగ్గర 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ (ఫిల్మ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరా ఉంది. దాంతో వచ్చిన 18-55 లెన్సు, తర్వాత కొన్న 55-250 లెన్సు ఉన్నాయి. ఇప్పట్లో కొత్తవి కొనలేను.

కొల్లేరు దగ్గరి ఆటపాకలో గూడబాతుల్ని (పెలికాన్లని) చాలా తీశాను. చెట్లు, నీళ్లు బాగానే వస్తున్నాయి కానీ పక్షి మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా తేలిపోతోంది. ఈక ఒక్కటీ కనపడదు. అదే పక్షి ఎగిరితే నల్లటి నీడలా వస్తోంది.

సంక్రాంతి సెలవుల్లో పాలపుంత కోసం గండికోట వెళ్లాం. రాత్రంతా మేలుకున్నా పాలపుంత కనపడలేదు. తీసిన వాటిలో నక్షత్రాలు చుక్కల్లా కాకుండా బొట్టుబిళ్లల్లా గుండ్రంగా వచ్చాయి.

ఇక పాపికొండల లాంచీ ప్రయాణం. అక్కడ తీసినవన్నీ మసక మసకగా, కొండలు బూడిద రంగులో ఉన్నాయి. దయచేసి సాయం చేయండి.

జవాబు (కైకలూరు నుంచి)

ఆటపాక మాకు దగ్గరే కాబట్టి పక్షి సంగతి నేను చెబుతానండి. మీ కెమెరాలో లోపమేమీ లేదు. దాని ముందు ఏ దృశ్యం పెట్టినా, మొత్తం కలిపితే ఓ మోస్తరు బూడిద రంగు వెలుతురు రావాలని లెక్క వేస్తుంది. ముదురు పచ్చటి చెట్ల మధ్య తెల్లటి పక్షి ఉంటే, ‘చీకటిగా ఉంది’ అనుకుని వెలుతురు పెంచేస్తుంది. దాంతో పక్షి తేలిపోతుంది. అదే పక్షి ఆకాశంలోకి లేవగానే వెనకంతా వెలుగు కదా, అప్పుడు తగ్గించేస్తుంది. మీకు నీడలా వచ్చింది అందుకే.

కానీ ఒక్కటి ఆలోచించండి. పక్షి చెట్టు మీద ఉన్నా, గాల్లో ఉన్నా దాని మీద పడే ఎండ ఒకటే. కాబట్టి వెలుతురు లెక్క మీరే చేసుకునే మ్యాన్యువల్ మోడ్‌లో పెట్టి, పక్షి తెలుపుని బట్టి ఒకసారి సరిచేసుకుని వదిలేయండి. పొద్దున ఎండ వచ్చాక ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 400, లెన్సు రంధ్రం ఎఫ్ 6.3, షట్టర్ సెకనులో 1250వ వంతు దగ్గర మొదలుపెట్టి ఒకటి తీసి చూడండి. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంతో చూపే గ్రాఫ్) కుడి గోడకి గుద్దుకుంటే షట్టర్ ఇంకాస్త వేగం చేయండి. ఎండ మారినప్పుడు మాత్రమే మళ్లీ సరిచూసుకోవాలి. కెమెరా ఏమీ మార్చకుండా దాచే రా ఫార్మాట్‌లో తీయండి. అయినా పూర్తిగా తెల్లబడిపోయిన చోట రా కూడా ఏమీ చేయలేదు.

మన గూడబాతు నిజానికి పాలలాంటి తెలుపు కాదు, కొంచెం బూడిద కలిసిన తెలుపు. పై ముక్కు అంచు వెంట వరసగా చుక్కలుంటాయి. ఆ చుక్కలు ఫొటోలో లెక్కపెట్టగలిగితే మీ వెలుతురు కుదిరినట్టే. నాకు బాగా ఇష్టమైన ఫొటో ఒకటుంది. పిల్ల తన తలంతా తల్లి గొంతు సంచిలోకి దూర్చేసింది, వెనకనుంచి ఎండ పడి ఆ సంచి చర్మంలో సన్నటి నరాలు కూడా కనిపించాయి. దాని కోసం మూడు ఆదివారాలు ఒకే చోట కూర్చున్నాను.

పెద్ద పక్షులు గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగానే దిగుతాయి. గాలి మీ వీపుకి తగిలేలా నిలబడితే అవి మీ వైపుకే వస్తాయి. ఎండ కూడా వెనకే ఉంటే ఇక అడగక్కర్లేదు. తొమ్మిదిన్నర, పది దాటాక నీళ్ల మీద వేడి ఆవిరి ఆడుతుంది. ఆ తర్వాత ఎంత మంచి లెన్సయినా దూరపు పక్షి మెత్తగానే వస్తుంది.

మరో మాట. పడవ నడిపే అతన్ని ‘ఇంకా దగ్గరికి పోనీ’ అని అడగొద్దు. పుట్టిన కొత్తలో గూడబాతు పిల్లలకి ఒంటి మీద ఈకలుండవు. తల్లి భయపడి లేచిపోతే ఆ పిల్లలు నేరుగా ఎండకి మాడతాయి. మీకు ఫొటో రాకపోయినా ఫరవాలేదు.

జవాబు (జమ్మలమడుగు నుంచి, రిటైర్డ్ సైన్సు టీచరు)

అమ్మా, గండికోట మా ఊరి పక్కనే. ముందు పాలపుంత ఎందుకు కనపడలేదో చెబుతాను. మీరు వెళ్లింది సంక్రాంతికి, అంటే ధనుర్మాసం ముగిసే రోజులు. ధనుర్మాసమంటే సూర్యుడు ధనుస్సులో ఉండే నెల అని మనకి తెలిసిందే. మనం ఫొటోల్లో చూసే ఆ దట్టమైన పాలపుంత నడిబొడ్డు కూడా ధనుస్సులోనే, మూలా నక్షత్రానికి దగ్గరలో ఉంది. అంటే ఆ నెలంతా అది దాదాపు సూర్యుడితో పాటే ఉదయించి సూర్యుడితో పాటే అస్తమిస్తుంది. రాత్రంతా మేలుకున్నా ప్రయోజనం ఉండదు. మీరు చేసిన తప్పేమీ లేదు, రోజులు కుదరలేదంతే.

ఆ తర్వాత నెలకి రెండు గంటల చొప్పున అది ముందుకు జరుగుతూ వస్తుంది. శివరాత్రి నాటికి తెల్లవారుజామున రెండు, మూడు గంటల మధ్య ఆగ్నేయంలో లేస్తుంది. ఉగాది ముందు అమావాస్యకి అర్ధరాత్రి ప్రాంతంలోనే వచ్చేస్తుంది. మే నెలలో రాత్రి తొమ్మిదికల్లా మొదలవుతుంది, కానీ అప్పటికి మబ్బులు, దుమ్ము ఎక్కువ. మనకి మంచి కాలం శివరాత్రి నుంచి ఏప్రిల్ వరకు.

దీనికి యాప్‌లు చాలా ఉన్నాయి, స్టెల్లేరియం మంచిది. అయితే గోడ మీది పంచాంగం చాలు. బహుళ అష్టమి నాడు చంద్రుడు ఇంచుమించు అర్ధరాత్రి లేస్తాడు, తర్వాత రోజుకి ముప్పావు గంట, యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతాడు. తెల్లవారుజామున తీయాలంటే బహుళ త్రయోదశి నుంచి శుక్ల సప్తమి వరకు వెన్నెల బెడద ఉండదు. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి కదా, జాగరం చేసేవాళ్లు నాలుగింటికి ఊరి లైట్లకి దూరంగా వెళ్లి ఆగ్నేయం వైపు చూస్తే చాలు. ముందు ఎర్రటి జ్యేష్ఠ కనపడుతుంది, కిందికి తేలు తోకలా వంగిన చోట మూల. ఆ తోక పక్కన పొగలా కనిపించేదే మీకు కావలసినది.

ఇక బొట్టుబిళ్లల సంగతి. అది ఫోకస్ తప్పడం. చీకట్లో ఆటోఫోకస్ పనిచేయదు. లెన్సుని మ్యాన్యువల్‌కి మార్చండి. స్క్రీన్ మీద లైవ్ వ్యూ పెట్టి, బాగా మెరిసే నక్షత్రాన్ని మధ్యకి తెచ్చి, పది రెట్లు పెద్దది చేసి చూడండి. ఫోకస్ రింగుని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ ఉంటే ఆ బిళ్ల చిన్నదవుతూ చిన్నదవుతూ సూది మొనంత అవుతుంది, ఇంకా తిప్పితే మళ్లీ పెద్దదవుతుంది. ఆ సూది మొన దగ్గర ఆపి, రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి. తర్వాత జూమ్ ముట్టుకోవద్దు, ముట్టుకుంటే ఫోకస్ మారిపోతుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులో స్టెబిలైజర్ ఆపేయండి. రెండు సెకన్ల టైమర్ పెట్టి నొక్కండి.

లెన్సు 18 దగ్గర, ఎఫ్ 3.5, ఐఎస్ఓ 3200, 18 సెకన్లు. నక్షత్రాలు గీతలు కాకుండా ఎన్ని సెకన్లు తీయొచ్చో తెలియడానికి, 500ని లెన్సు పొడవుతోనూ (ఇక్కడ 18), చిన్న సెన్సర్ కాబట్టి క్రాప్ 1.5తోనూ భాగిస్తే వచ్చే లెక్క ఇది.

పగలే వెళ్లి చోటు చూసుకోండి. పెన్న లోయ అంచున చాలా చోట్ల గోడా లేదు, కంచే లేదు. ట్రైపాడ్ ఎక్కడ పెట్టాలో రాయి గుర్తు పెట్టుకుని, రాత్రి అక్కణ్నుంచి ఒక్క అడుగు కూడా ముందుకు వేయొద్దు. ఒంటరిగా అసలు వద్దు. టార్చికి ఎర్ర కాగితం చుడితే చీకటికి అలవాటు పడిన కళ్లు చెదరవు.

జవాబు (డాలస్ నుంచి)

మాస్టారు చెప్పిన వాటిలో ఒక్కదానికి చిన్న సవరణ, ఏమీ అనుకోవద్దు. 500 లెక్క ఫిల్మ్ రోజుల నాటిది. 24 మెగాపిక్సెల్ సెన్సర్‌లో 18 సెకన్లకి నక్షత్రాలు చిన్న గీతలవుతాయి. ఫోన్‌లో చూస్తే తెలియదు కానీ మీరు గోడకి పెట్టేంత పెద్ద ప్రింట్ అంటున్నారు. 10 నుంచి 12 సెకన్లు ఉంచండి. తగ్గిన వెలుతురుకి బదులు, కెమెరా కదపకుండా అదే ఫొటో 15 సార్లు వరసగా తీయండి. తర్వాత సీక్వేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలిపితే గింజలు గింజలుగా ఉండే నాయిస్ బాగా తగ్గుతుంది. అందులో ఆకాశం ఏది, నేల ఏది అని గీసి చూపిస్తే కోట గోడని కదపకుండా నక్షత్రాల్ని మాత్రమే సర్దుతుంది.

మీరున్న చోటు ఎంత మంచిదో కూడా చెప్పాలి. పాలపుంత నడిబొడ్డు మా డాలస్‌లో ఆకాశంలో 28 డిగ్రీలు దాటి పైకి రాదు. లండన్‌లో ఉన్న మా బావకి పది డిగ్రీలు కూడా లేవు, ఇళ్ల కప్పుల వెనకే ఉండిపోతుంది. గండికోటలో 46 డిగ్రీల వరకు లేస్తుంది. ఉత్తరం తిరిగి స్టార్ ట్రెయిల్స్ (నక్షత్రాలు తిరిగే దారి గీతల్లా వచ్చే ఫొటోలు) తీసినా మీకు లాభమే. ధ్రువుడు అక్కడ 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి కోట బురుజు మీదుగా చుట్టూ వలయాలు వస్తాయి. మాకు ధ్రువుడు అంతకి రెట్టింపు ఎత్తు.

జవాబు (జమ్మలమడుగు)

బాబూ, సవరణ బాగుంది. నేను చిన్న ప్రింట్లే వేయించుకుంటాను కాబట్టి నాకు ఆ తేడా తెలియలేదు. అమ్మా, ఆయన చెప్పినట్టు 12 సెకన్లే పెట్టండి.

జవాబు (విశాఖపట్నం నుంచి)

ప్రయాణం ఫొటో గురించి క్లుప్తంగా చెబుతాను. లాంచీ పాపికొండల ఇరుకులోకి చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఆ వెలుతురులో దూరపు కొండలు ఎవరికైనా బూడిద రంగులోనే వస్తాయి. ఎడిటింగ్‌లో మసక తగ్గించే డీహేజ్ ఎంత లాగినా రంగు విరిగిపోతుంది. కాబట్టి కొండని వెనక పెట్టి దగ్గరి వాటిని తీయండి. లాంచీ రెయిలింగ్ పట్టుకున్న చేయి, టీ గ్లాసు, ఒడ్డున వల ఆరేస్తున్న మనిషి. మనుషుల్ని తీసేటప్పుడు ఒక మాట అడిగి తీయండి. లాంచీ కదులుతూ ఉంటుంది కాబట్టి షట్టర్ సెకనులో 500వ వంతు కన్నా తగ్గనివ్వొద్దు.

నిజానికి మీ పాత ఫొటోల్లోనే అలాంటిది ఉండి ఉంటుంది. కొండల కోసం చూస్తూ దాన్ని దాటేసి ఉంటారు. ఓసారి మళ్లీ వెతకండి.

ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి: తేమ. మా విశాఖలో బీరువాలో పెట్టిన లెన్సుకి రెండు వానాకాలాల్లో బూజు పట్టింది. లోపలి అద్దం మీద సాలెగూడులా తీగలు. బాగుచేయించడానికి ఇస్తే గీతలతో తిరిగొచ్చింది. అప్పట్నుంచి గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి పెడుతున్నాను. ఏసీ కారులోంచి దిగగానే కెమెరా బయటికి తీస్తే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. దిగడానికి అరగంట ముందే ఏసీ ఆపేయండి, లేదా బ్యాగు మూసే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

ప్రింట్: 12 బై 18 అంగుళాలు మీ 24 మెగాపిక్సెల్‌కి హాయిగా సరిపోతుంది. గూడబాతుని పొడవులోనూ వెడల్పులోనూ సగం వరకు క్రాప్ చేసినా అంగుళానికి 160 పైచిలుకు పిక్సెళ్లు మిగులుతాయి. గోడ మీద నాలుగడుగుల దూరం నుంచి చూసేదానికి చాలు. రాత్రి ఫొటో మాత్రం స్క్రీన్ మీద కన్నా కాగితం మీద చీకటిగా వస్తుంది. ముందు 6 బై 8లో ఒకటి వేయించి, మీ హాల్లో ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూడండి.

ప్రశ్న అడిగినవారు (నెలన్నర తర్వాత)

అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఏం జరిగిందో చెబుతాను.

ఆటపాక రెండుసార్లు వెళ్లాను. మ్యాన్యువల్‌లో పెట్టగానే మొదట పక్షి కాస్త చీకటిగా వచ్చింది, షట్టర్ వేగం 1000వ వంతుకి తగ్గించాక సరిపోయింది. ముక్కు మీద చుక్కలు కనిపిస్తున్నాయి. పద్నాలుగు లెక్కపెట్టాను. గాలి వీపుకి తగిలేలా గట్టు మీద కూర్చుంటే ఒకటి నేరుగా నా మీదికే దిగుతున్నట్టు వచ్చింది, రెండు కాళ్లూ ముందుకి చాచి. అదే ప్రింట్‌కి ఎంచుకున్నాను.

మాస్టారూ, శివరాత్రికి తమ్ముడినీ మరిదినీ వెంటబెట్టుకుని గండికోట వచ్చాం. మేడ మీద నాలుగు రాత్రులు ఫోకస్ ప్రాక్టీసు చేసే వచ్చాను, మీరన్న సూది మొన దొరికింది. నాలుగింటికి జ్యేష్ఠని పట్టుకుని కిందికి దిగితే మూల, దాని పక్కన ఆ పొగ! తూర్పున జమ్మలమడుగు లైట్లు కాస్త తగిలాయి కానీ అది కూడా బాగానే ఉంది. 12 సెకన్లవి 15 తీశాను. కలిపాక బురుజు అంచు మసకగా వస్తోంది. ఏం చేయాలి?

జవాబు (డాలస్)

సీక్వేటర్‌లో ఆకాశం హద్దు గీసేటప్పుడు బురుజు అంచుని ఆకాశంలోకి కలిపేసి ఉంటారు. హద్దుని బురుజు అంచు వెంటే జాగ్రత్తగా గీసి, ‘ఫ్రీజ్ గ్రౌండ్’ పెట్టి మళ్లీ నడపండి. అప్పటికీ కుదరకపోతే ఒకే ఒక్క ఫొటోలోని నేలని తీసుకుని పైన అతికించండి.

ప్రశ్న అడిగినవారు

కుదిరింది. ఇక పాపికొండలవి మొదటినుంచీ వెతికాను. లాంచీ చివర నాన్న అటు తిరిగి నిలబడి, చేయి చాచి అమ్మకి ఏదో పక్షిని చూపిస్తున్న ఫొటో ఉంది. కొండలు బూడిద రంగులోనే ఉన్నాయి. ఆ రోజు దాన్ని రెండో చూపు కూడా చూడలేదు. మూడూ 12 బై 18లో ప్రింట్‌కి ఇచ్చాను. గండికోటది 6 బై 8లో చూసి, వెలుతురు కొంచెం పెంచి మళ్లీ పంపాను. ఈ శుక్రవారం వస్తాయి.