కాంటోరెక్ మాస్టారి ‘కామెరాడెన్’ని తెలుగులో ఏమనాలి?

జర్మన్ రచయిత రెమార్క్ 1929 నాటి మొదటి ప్రపంచయుద్ధ నవల ‘ఇమ్ వెస్టెన్ నిక్ట్స్ నోయెస్’ను జర్మన్ నుంచి తెలుగు చేస్తుంటే 1వ అధ్యాయంలోనే ఒక పిలుపు దగ్గర ఆగిపోయాను. కాంటోరెక్ మాస్టారు వ్యాయామం పీరియడ్లలో ఉపన్యాసాలిచ్చి, తరగతి మొత్తాన్నీ సైన్యంలో చేర్పిస్తాడు. వెనకాడిన యోసెఫ్ బేమ్ కూడా చేరతాడు, మొదట చనిపోయినవాళ్లలో అతనొకడు. మాస్టారు గద్గద స్వరంతో అనే మాట: ‘ఈర్ గేట్ డోఖ్ మిట్, కామెరాడెన్?’

ఇందులోని క్రియ ‘మిట్‌గేయెన్’ అంటే వెంట రావడం, అంతే. యుద్ధం ఊసే లేదు. అందుకే ‘సైన్యంలో చేరరా’ అనడం లేదు. ‘మీరూ రారా’ అంటే ‘ఒరేయ్, రారా’లా వినబడుతోంది (నవ్వొస్తుంది, ఇక్కడ రాకూడదు), కాబట్టి ‘మీరూ కలిసిరారూ’ అని పెట్టాను.

చిక్కు ‘కామెరాడెన్’తోనే (సాటివాళ్లను, తోటి సైనికులను పిలిచే మాట). ‘కామ్రేడ్స్’ అంటే మన పాఠకుడికి ఎర్రజెండా కనిపిస్తుంది. ‘మిత్రులారా’ సభావేదిక మాట. ‘నాయనలారా’లో లాలన ఉంది కానీ సమానత్వం పోయింది, నిన్నటిదాకా మార్కులు వేసినవాడు సాటివాళ్లను పిలిచినట్టు పిలవడమే అసలు ఎర. ‘సైనికులారా’ అందామంటే వాళ్లింకా చేరనే లేదు. పైగా 7వ అధ్యాయంలో పాత శిష్యుడు మిటెల్‌ష్టెట్, తర్వాత తానూ సైన్యంలోకి రావలసివచ్చిన ఈ మాస్టారికే డ్రిల్ చేయిస్తూ ఆయన ధోరణిలోనే ఎత్తిపొడుస్తాడు. అక్కడ వెక్కిరింపుగానూ పనికొచ్చే పిలుపైతే మేలు.

పార్టీ వాసన లేకుండా, పిల్లల్ని ఒక్కసారిగా పెద్దవాళ్లను చేసేసే పిలుపు తెలుగులో ఏదుంది?