అప్‌డేట్: హాస్టల్లో పదో తరగతి అబ్బాయిల టెన్షన్ గురించి

అమలాపురం దగ్గర మగపిల్లల స్కూల్లో టీచర్‌ని. హాస్టల్లో పదో తరగతి కుర్రాళ్లు నిద్రపోవడం లేదు, చిన్న మాటకే కొట్లాటకు దిగుతున్నారు, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను.

మీరు చెప్పినట్టే 14416కి ఫోన్ చేశాను. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. అబ్బాయిల్లో దిగులు చాలాసార్లు ఏడుపుగా కాక చిరాకుగా, కోపంగా బయటపడుతుందని కౌన్సెలర్ వివరించారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదట. అడిగితే పుడుతుందేమోనన్నదే నా పెద్ద భయం.

ఒక కుర్రాణ్ణి కాలవగట్టు మీద నడుస్తూ అడిగాను. ఎదురుగా కూర్చోబెడితే నోరు విప్పనివాడు, పక్కన నడుస్తుంటే అంతా చెప్పేశాడు. వాళ్ల నాన్న కౌలు చేను నీట మునిగింది, ఇంట్లో అప్పు, వీడికి పరీక్షల బెంగ. "ఇంట్లో చెప్పకండి మాస్టారూ" అన్నాడు. ప్రాణానికి ముప్పనిపిస్తే చెప్పక తప్పదన్నాను. తర్వాత వాడే ఒప్పుకుని, వాళ్లమ్మతో డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడు.

తెల్లవారుజామున నాలుగింటి స్టడీ అవర్ తీసేయమని హెడ్‌మాస్టారుని అడిగాం. ఈ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఐదుకి మార్చారు. అది చాలదు, మళ్లీ అడుగుతాను.