రసమాణిక్యం: తాళకాన్ని శుద్ధి చేస్తే విషం పోతుందా?

గోదారిగట్టు:
మా బాబాయికి సోరియాసిస్. తేనెలో కలిపి నాకమని వైద్యుడొకరు రసమాణిక్యం పొట్లాలిచ్చారు. అది తాళకంతో, అంటే ఆర్సెనిక్ సల్ఫైడుతో చేసే మందని తెలిసినప్పటి నుంచి ఇంట్లో ఒకటే గొడవ. శుద్ధి చేశాక విషముండదని బాబాయి, ఉంటుందని పిన్ని. ఎవరి మాట నిజం?

కల్వం:
పిన్నిగారిని కంగారు పడొద్దనండి. నేను రసశాస్త్రం చదివినవాణ్ణి. తాళకాన్ని గుడ్డలో మూటగట్టి, బూడిదగుమ్మడి రసంలో వేలాడదీసి ఉడికిస్తాం. సున్నపు తేటలోనూ అంతే. ఆ తర్వాతే పలుచటి అభ్రకం రేకుల మధ్య పరిచి, అంచులు మూసి కాలుస్తాం. పసుపంతా పోయి కెంపులా ఎర్రటి పెళుసు పలుకులు వస్తాయి. పచ్చి తాళకాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టకండి.

ల్యాబుకోటు:
రెండూ ఒకటని నేనూ అనను. తాళకంలో కలిసున్న తెల్లపాషాణం, అంటే ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ అనే విషం, నీళ్లలో కరుగుతుంది కాబట్టి ఉడకబెడితే కొంత పోవచ్చు. కానీ ఆర్సెనిక్ మూలకం. ఉడికినా కాలినా నశించదు. స్వచ్ఛమైన తాళకం బరువులో దాదాపు 61 శాతం అదే. తాళకం నీళ్లలో దాదాపు కరగదు గనుక పాషాణమంత త్వరగా ఒంటికి పట్టదు, నిజమే. అసలు చిక్కు కాల్చే దగ్గరుంది. రేకుల సందుల్లోంచి గాలి జొరబడితే గంధకం పొగై పోయి, మళ్లీ ఆ తెల్లపాషాణమే పుడుతుంది. అదెంత చేరిందో ఎరుపు చూసి ఎవరూ చెప్పలేరు.

కల్వం:
మరి చైనాలో మణిశిల (అదీ ఒక ఆర్సెనిక్ సల్ఫైడే) కలిసిన మందు రక్త క్యాన్సర్‌కి ఇస్తున్నారుగా? పాషాణానికే 2000లో అమెరికా అనుమతిచ్చింది.

ల్యాబుకోటు:
ఇచ్చింది, అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియాకి. మోతాదు కొలిచి, ఈసీజీ తీస్తూ, రక్తం పరీక్షిస్తూ ఇస్తారు. పేరూ బ్యాచ్ నంబరూ లేని పొట్లానికి ఆ వైద్యాన్ని సాక్ష్యంగా తేవడం అన్యాయం. మన ఔషధ చట్టంలోనూ తాళకం షెడ్యూల్ ఇ(1)లో, అంటే ఆయుర్వేద మందుల్లో వాడే విషపదార్థాల జాబితాలో ఉంది, వైద్య పర్యవేక్షణలోనే వాడాలని లేబుల్ మీద హెచ్చరిక ఉండాలి.

గోదారిగట్టు గారూ, నాకు భయం వేసేది ఇంకొకటుంది. ఆర్సెనిక్ నెలల తరబడి ఒంట్లో చేరితే అరచేతులూ అరికాళ్లూ గట్టిపడి బొడిపెలొస్తాయి, ఒంటిమీద నల్లమచ్చలు పడతాయి. సోరియాసిస్ ఉన్నవాళ్లు అదీ పాత జబ్బే అనుకుని ఇంకో పొట్లం విప్పుతారు.

కల్వం:
లేబుల్ లేని పొట్లమైతే నేనూ వద్దనే అంటాను. బ్యాచ్‌వారీ పరీక్ష రిపోర్టు చూపించలేని తయారీదారు దగ్గర ఈ మందు కొనకూడదు.

ల్యాబుకోటు:
ముందు చర్మ డాక్టరుకి పొట్లం చూపించి, మూత్రంలో ఆర్సెనిక్ పరీక్ష రాయించండి. దానికి ముందు నాలుగైదు రోజులు బాబాయిగారికి సముద్రపు చేపలు, రొయ్యలు పెట్టకండి. వాటిలో ఉండే హానిలేని ఆర్సెనిక్ కూడా లెక్కలో కలిసిపోతుంది.