చనిపోయిన మూన్ ట్రీ స్థానంలో దాని క్లోన్‌ను నాటితే పాత ఫలకాన్నే ఉంచవచ్చా?

వనమాలి: 1971లో అపోలో 14 యాత్రలో వ్యోమగామి స్టూవర్ట్ రూసా తన వెంట తీసుకెళ్లిన సుమారు 500 విత్తనాలు చంద్రుని చుట్టూ తిరిగి వచ్చాయి. వాటి నుంచి పెరిగిన చెట్లనే మూన్ ట్రీలు అంటారు. అలా మొలిచిన సికమోర్ జాతి మొక్క ఒకదానిని 1975లో ఫిలడెల్ఫియాలోని వాషింగ్టన్ స్క్వేర్‌లో నాటారు. అది చనిపోగా 2011లో అక్కడే దాని క్లోన్‌ను, అంటే ఆ చెట్టు భాగం నుంచే పెంచిన మొక్కను పెట్టారు. క్లోన్‌ను గౌరవించవచ్చు గానీ, చంద్రుని దాకా వెళ్లివచ్చిన చెట్టు అనే మాట దానికి చెల్లదు. భూమి మీదే ఉంచిన విత్తనాల మొక్కలకూ వీటికీ పైకి తేడా ఏమీ కనబడలేదు. అంటే ఈ చెట్ల విలువంతా ఆ ప్రయాణంలోనే ఉంది.

అంటుకత్తి: ఈ వాదనను చివరిదాకా లాగితే అసలు చెట్టుకు కూడా ఫలకం మిగలదు. ప్రయాణం చేసింది చిన్న గింజ. మాను, కొమ్మలు, ఆకులు ఆ తర్వాత ఈ నేల నీటితో, ఈ గాలితో కట్టుకున్నవే. ఆ మాటకొస్తే గింజలైనా చంద్రుని మీద దిగలేదు, రూసాతో పాటు కక్ష్యలోనే ఉండిపోయాయి. కొమ్మను వేరు పట్టించినప్పుడు వచ్చేది బిడ్డ కాదు, ఆ చెట్టే మరో కాండంతో బతకడం. విత్తనంతో పెంచిన రెండో తరం సంగతి వేరు, అందులో మరో చెట్టు పుప్పొడి కలిసి ఉండవచ్చు. అయినా 2005లో అమెరికాలోని ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో రూసా స్మారకంగా నాటింది అలాంటి రెండో తరం సికమోర్‌నే.

పాతదస్త్రం: మీరిద్దరూ చెట్టు గురించి వాదిస్తున్నారు, నా బెంగ రాతపని గురించి. 1975, 1976లలో అమెరికా ద్విశత వార్షికోత్సవాల సందడిలో ఏ మొక్కను ఎక్కడ నాటారో పద్ధతిగా నమోదు చేయలేదు. 1996లో ఇండియానాకు చెందిన ఒక ఉపాధ్యాయిని, గర్ల్ స్కౌట్ శిబిరంలోని చెట్టు గురించి ఆరా తీసిన తర్వాతే నాసాలో డేవిడ్ విలియమ్స్ జాబితా కూర్చడం మొదలుపెట్టారు. అంతవరకూ ఆ జ్ఞాపకాన్ని కాపాడింది స్థానికులూ, చెట్టు పక్కన నిలబెట్టిన పలకలే. అందుచేత ఫలకాన్ని తీసేయడం కన్నా, అసలు చెట్టు నాటిన ఏడాదినీ, క్లోన్ నాటిన ఏడాదినీ దాని మీదే చెక్కడం మేలు.

వనమాలి: రెండు తేదీలకు నాకు అభ్యంతరం లేదు, కానీ మొదటి చెట్టు చనిపోయిందన్న మాట కూడా అంతే పెద్ద అక్షరాలలో ఉండాలి. 2022లో నాసా చంద్రయాత్ర ఆర్టెమిస్ 1లో వెళ్లివచ్చిన విత్తనాల మొక్కలను ఇప్పుడు నాటుతున్నవారు చెట్టు చనిపోతే చెక్కాల్సిన ఆ రెండో పంక్తికి ఫలకం మీద ముందే చోటు వదిలిపెట్టాలి.