అప్‌డేట్: హెల్సింకీలో నా తొలి శీతాకాలం

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతోందని, ఎంత నిద్రపోయినా మత్తు వదలడం లేదని, ఉద్యోగం మానేసి విజయవాడకు వెళ్లిపోవాలా అని 2024 నవంబరులో అడిగాను. ఓపికగా సలహాలిచ్చిన వారికి ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

వెళ్లిపోలేదు. అలాగని అన్నీ చక్కబడ్డాయనీ చెప్పలేను. డిసెంబరు చివర్లో సూర్యుడు ఉదయం తొమ్మిదిన్నర కావస్తుండగా వచ్చి మూడుంబావుకల్లా వెళ్లిపోయేవాడు. ఆ కాస్త వెలుగూ చాలావరకు మబ్బుల వెనకే గడిచిపోయేది. మీరు చెప్పిన 10,000 లక్స్ (వెలుగు తీవ్రతకు కొలమానం) దీపం ముందు రోజూ అరగంట కూర్చోవడం మొదలుపెట్టిన రెండు వారాలకు, పొద్దున లేవడం కొంత తేలికైంది. విటమిన్ డి మాత్రల మేలు ఎంతో విడదీసి చెప్పలేను.

నన్ను నిజంగా నిలబెట్టింది మాత్రం మా అపార్ట్‌మెంటు ఉమ్మడి సౌనా (వేడి ఆవిరి గది). వారానికొకసారి మగవాళ్లందరికీ కేటాయించే వేళకు మొహమాటం చంపుకొని వెళ్లాను. లిఫ్టులో తలూపి ఊరుకునే పొరుగు పెద్దాయన, అక్కడ వేడి రాళ్లమీద నీళ్లు పోస్తూ తానే మాట కలిపి, ఆ ఆవిరిని ‘లోయ్‌లు’ అంటారని నేర్పి, నేలమీద మంచు నిలిస్తే చీకటి సగం తగ్గినట్లుంటుందని చెప్పారు. జనవరిలో అది నిజమేనని తెలిసింది. (అక్కడ బట్టల్లేకుండా కూర్చుంటారని అమ్మకు ఇంకా చెప్పలేదు.)

మార్చి చివరికి పగలు పన్నెండు గంటలు దాటింది. 2025 మార్చి 30న వేసవి సమయం కోసం ఇక్కడి గడియారాలు గంట ముందుకు జరిగాయి కనుక, ఇంటితో కాలవ్యత్యాసం మూడున్నర గంటల నుంచి రెండున్నరకు తగ్గింది. ఉగాది కూడా ఆ రోజే. పచ్చి మామిడికాయ నగరంలోని హకానియెమి ప్రాంతం దగ్గరి దుకాణంలో దొరికింది, వేపపువ్వు దొరకలేదు.