ఫౌండేషన్ తరగతులు వచ్చాక సంగీతం పీరియడ్‌ను ఎలా నిలుపుకోవాలి?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం):
మా అమ్మాయి సీబీఎస్ఈ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. నిరుటి వరకు వారానికి రెండు పీరియడ్లు సంగీతం చెప్పేవారు. ఈ ఏడాది టైంటేబుల్‌లో సంగీతం అని రాసి ఉన్నా, ఆ సమయంలో ఐఐటీ ఫౌండేషన్ లెక్కలు చేయిస్తున్నారు. ప్రిన్సిపాల్ గారిని అడిగితే, తల్లిదండ్రులే ర్యాంకులు కోరుతున్నారని చెప్పారు. ఆ మాటలో నిజం ఉంది కాబట్టే ఇక్కడ అడుగుతున్నాను. ఆ పీరియడ్లను తిరిగి ఇవ్వమని ఏ ఆధారంతో అడగవచ్చు? సంగీతానికి కూడా మార్కులు పెడితే బడులు పట్టించుకుంటాయా?

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, గాజువాక):
అమ్మా, ఆధారం గట్టిదే ఉంది. ఒకటి నుంచి పన్నెండు వరకు ప్రతి తరగతిలోనూ వారానికి కనీసం రెండు పీరియడ్లు సంగీతం కూడా చేరిన కళావిద్యకు కేటాయించాలని సీబీఎస్ఈ 2019లోనే పాఠశాలలను ఆదేశించింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా కళలను పాఠ్యేతర విషయాలుగా వేరు చేసి చూడవద్దని చెబుతోంది. అయినా పరీక్షలో లేని విషయానికి పెట్టే సమయం వృథా అన్న భావన బడిలోనూ ఇంట్లోనూ పాతుకుపోయింది. అమెరికాలోనూ ఇదే జరిగింది. 2002లో వచ్చిన చట్టం మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏటా పఠనంలో, గణితంలో పరీక్షలు తప్పనిసరి చేసి, వెనుకబడిన బడులపై చర్యలకు వీలు కల్పించడంతో, చాలాచోట్ల సంగీతం, చిత్రలేఖనాల సమయం ఆ రెండు విషయాలకు తరలిపోయింది. 2015లో తెచ్చిన కొత్త చట్టం సంగీతాన్ని, కళలను సమగ్ర విద్యలో భాగంగా పేర్కొన్నా, ఏటా జరిగే ఆ పరీక్షలను మాత్రం కొనసాగించింది. పరీక్ష ఉన్న విషయాలకే బడులు సమయం ఇస్తున్నాయి, అందువల్ల సంగీతానికీ మార్కులు ఉండాలన్నదే నా అభిప్రాయం.

జవాబు (సంగీత ఉపాధ్యాయురాలు, సీతమ్మధార):
మాస్టారూ, మార్కుల విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేకపోతున్నాను. శ్రుతి నిలవని పిల్లలు కూడా సంకోచం లేకుండా నలుగురితో గొంతు కలిపి పాడగలిగేది బడిలోనే. మార్కులు పెడితే ముందుగా నోరు మూసుకునేది ఆ పిల్లలే. రాగలక్షణాలు బట్టీ పట్టించి ప్రశ్నపత్రం రాయించడం సులువు కనుక, పాడటం వెనక్కి పోతుంది. సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, స్థిరపడాలంటే నెలల తరబడి ఎడతెగని సాధన కావాలి. వార్షికోత్సవం ముందు హడావిడిగా ఒక పాట నేర్పితే వేదిక నిండుతుంది గానీ లయజ్ఞానం అబ్బదు. స్తోమత ఉన్నవారు ఇంటికి గురువును పిలిపించుకుంటారు. బడిలో పీరియడ్ పోతే మిగిలిన పిల్లలకు వేరే దారి లేదు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాల 1919 నుంచి మన పక్కనే, విజయనగరంలో ఉంది. అలాంటి ప్రాంతంలో పిల్లలు ఎనిమిది దెబ్బల ఆదితాళం వేయడం కూడా రాకుండా పదో తరగతి దాటడం నాకెంతో బాధ కలిగిస్తుంది.

జవాబు (ఒక తండ్రి, మద్దిలపాలెం):
మేము కొందరు తల్లిదండ్రులం కలిసి, మాస్టారు చెప్పిన ఆదేశాన్ని జతచేసి, మా పాఠశాలకు లిఖితపూర్వకంగా విన్నవించాము. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు వారానికి ఒక పీరియడ్ తిరిగి ఇచ్చారు. తొమ్మిది, పది తరగతులకు ఇవ్వలేదు. మీరు అడిగేటప్పుడు ఆ పీరియడ్‌ను ఉదయం వేళ పెట్టమని కోరండి, ఎందుకంటే సిలబస్ మిగిలినప్పుడు ఇతర ఉపాధ్యాయులు ముందుగా తీసుకునేది చివరి పీరియడే. సంగీతం టీచర్‌ను ఏడాది పొడవునా ఉంచుతారా అన్నది కూడా రాతపూర్వకంగా అడగండి. టీచర్ లేకపోతే ఆ గంట మళ్లీ స్టడీ అవర్‌గా మారిపోతుంది.