చర్చ: పసిపిల్లలను మోడలింగ్ పనికి తీసుకువెళ్లడం సబబేనా?

ఇద్దరు పిల్లల తల్లి (చర్చ ప్రారంభించినవారు):

పిల్లల దుస్తుల క్యాటలాగ్ కోసం నా పిల్లలిద్దరినీ షూటింగుకు తీసుకువెళ్లి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఒక వాదన నడుస్తోంది. పాపకు నాలుగేళ్లు నిండాయి, బాబుకు రెండు దాటాయి. మా అత్తగారి దృష్టిలో ఇది పసివాళ్ల చేత సంపాదింపజేయడం. నా దృష్టిలో, తగిన జాగ్రత్తలు తీసుకుంటే, పిల్లలు ఒక పూట కొత్తచోట గడిపి రావడం. మీ అభిప్రాయం అడిగే ముందు అక్కడ నేను చూసినది చెబుతాను.

బయటివాళ్లు అనుకున్నంత సేపు పిల్లలు కెమెరా ముందు ఉండనే ఉండరు. ఒక్కో జత దుస్తులకు కొన్ని నిమిషాలు నిలబడితే చాలు. మిగతా సమయమంతా వరుస వచ్చేదాకా ఎదురుచూపే. దుస్తులు శాంపిల్ సైజులోనే, అంటే నమూనాగా కుట్టిన ఒకే కొలతలోనే, వస్తాయి కనుక వదులైన గౌనును వెనకవైపు క్లిప్పులతో బిగిస్తారు, ముందునుంచి చూస్తే కొలిచి కుట్టినట్టే ఉంటుంది. పాప ఆ క్లిప్పులు ఎన్ని ఉన్నాయో అడిగి తెలుసుకుని, తల తిప్పకుండా బుద్ధిగా నిలబడింది. బాబు మాత్రం చెయ్యి వెనక్కి పెట్టి వాటిని పీకడమే పనిగా పెట్టుకున్నాడు. దానికి తోడు, క్యాటలాగులు ఒక సీజన్ ముందుగానే తయారవుతాయి కాబట్టి, ఉక్కపోతలో వాడికి ఉన్ని స్వెట్టర్ తొడిగారు. కాసేపటికే వాడి ముఖం మారిపోయింది. ఇక చాలన్నాను, వాళ్లు మారు మాట్లాడకుండా ఆపి, అదే స్వెట్టర్‌ను పక్కన కూర్చున్న మరో బాబుకు తొడిగారు.

ఆపమనే హక్కు తల్లిదండ్రుల చేతిలో ఉన్నంతవరకు ఈ పనిలో అభ్యంతరం ఏముందన్నది నా ప్రశ్న.

ససేమిరా:

అభ్యంతరం మీరు చెప్పిన హక్కులోనే ఉంది. ఏడుపు కంటికి కనిపిస్తుంది కనుక దాన్ని చూసి ఆపగలిగారు, కానీ రిలీజ్ ఫారం మీద, అంటే ఫోటోలు వాడుకోవడానికి అనుమతి ఇచ్చే పత్రం మీద, మీరు పెట్టిన సంతకం వల్ల కలిగే కష్టమేదైనా ఉంటే అది ఆ పూట కనిపించదు. అమెరికా నటి బ్రూక్ షీల్డ్స్ విషయమే చూడండి. 1975లో, ఆమెకు పదేళ్ల వయసులో, తల్లి ఏ పరిమితీ లేని అనుమతిపత్రం మీద సంతకం చేసి ఫోటోలు తీయనిచ్చింది. కొన్నేళ్ల తరవాత వాటి వాడకాన్ని ఆపించాలని షీల్డ్స్ కోర్టుకు వెళితే, తల్లి చట్టబద్ధంగా ఇచ్చిన అనుమతిని బిడ్డ రద్దు చేసుకోవడం కుదరదని న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1983లో తీర్పు చెప్పింది. మీ పిల్లల స్వెట్టర్ ఫోటోలు అలాంటివి కావని నాకు తెలుసు. అయినా బిడ్డ తరఫున ఇచ్చిన మాటను బిడ్డే వెనక్కి తీసుకోలేని పరిస్థితి ఉన్నప్పుడు, ఒక పూట సరదా కోసం ఆ మాట ఎందుకివ్వాలి?

తెర వెనక స్టైలిస్ట్:

ఇలాంటి షూటింగులలో పనిచేసేదాన్ని కనుక లోపలి సంగతి చెబుతాను. ఒకే కొలతకు ఇద్దరు ముగ్గురు పిల్లలను పిలవడం మా వృత్తిలో మామూలే, ఎందుకంటే రెండేళ్లవాడు ఆ పూట ఎలా ఉంటాడో ఎవరూ చెప్పలేరు. తల్లిగారు చూసిన రెండో బాబు అలా పిలవగా వచ్చినవాడే. ఇందులో మోసమేమీ లేదు గాని, దీని బరువు పెద్దలమీద పడుతుంది. తన బిడ్డ కాదంటే పక్కవాడు సిద్ధంగా ఉన్నాడన్నది కళ్లెదుటే కనిపిస్తుంటే, ఇల్లు దాటేటప్పుడు ఎంత గట్టిగా అనుకుని వచ్చిన తల్లి అయినా మెత్తబడుతుంది. కెమెరా వెనక నిలబడి గిలక్కాయ ఊపుతూ “ఒక్కసారి నవ్వు నాన్నా, ఇదే ఆఖరు” అని బతిమాలేది ఎప్పుడూ అమ్మే. ఫోటోగ్రాఫరుకు ఆ శ్రమ పడవలసిన అవసరమే రాదు. ఆ పూటకు ఆమె జీతం లేకుండా మా సిబ్బందిలో చేరిపోతుంది. బిడ్డను కాపాడవలసిన మనిషే పని పూర్తి కావాలని కోరుకునే మనిషి కూడా అయినప్పుడు, ఆపే అధికారం ఆమె ఒక్కరి చేతిలో ఉండడం నాకు చాలదనిపిస్తుంది. పనితో గాని, డబ్బుతో గాని సంబంధంలేని మూడో మనిషి ఒకరు అక్కడ ఉండాలి.

ఇద్దరు పిల్లల తల్లి:

స్టైలిస్టుగారూ, బతిమాలడం గురించి మీరన్నది నిజమే. అలాంటి గొంతులు నేనూ విన్నాను. కానీ మూడో మనిషికి ఏం తెలుస్తుంది? మావాడు ఏడవడానికి చాలా ముందే చెవి పట్టుకు లాక్కుంటాడు. అప్పటికి ముఖంలో నవ్వు అలాగే ఉంటుంది, ఫోటోలో కూడా చక్కగానే పడతాడు. ఆ గుర్తు కనిపెట్టగలిగేది ఇంటివాళ్లే. కొత్తవాళ్ల చేతికి అధికారమిస్తే వాళ్లు ఏడుపు మొదలయ్యేదాకా ఆగుతారు.

చట్టం చదివినవాడు:

మీ ఇద్దరిలో ఒకరినే ఎంచుకోవలసిన పని లేదు. కాలిఫోర్నియా నియమాలలో 15 రోజుల నుంచి ఆరు నెలల వయసున్న శిశువు సెట్‌లో ఉండగలిగేది రెండు గంటలే, అందులో పని చేయించగలిగేది 20 నిమిషాలే. బలమైన దీపాల వెలుగులో ఒక విడతకు 30 సెకన్లు మించి ఉంచరాదు. తల్లి లేదా తండ్రి దగ్గర ఉన్నా సరే, నర్సు, పిల్లల సంక్షేమం చూసే స్టూడియో టీచరు కూడా ఉండి తీరాలి. భారతదేశంలో 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకటనలలో పాల్గొనే పిల్లలకు మినహాయింపు ఇచ్చింది. 2017 నియమాలు దానికి హద్దులు పెట్టాయి: రోజుకు ఐదు గంటలు మించరాదు, విరామం లేకుండా మూడు గంటలు దాటరాదు, ఐదుగురు పిల్లలకు ఒక బాధ్యుడు ఉండాలి, ఆదాయంలో కనీసం 20 శాతం బిడ్డ పేరిట జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, బిడ్డ ఇష్టానికి విరుద్ధంగా పని చేయించరాదు.

డబ్బు గురించి అత్తగారు అన్న మాటను కూడా తేలికగా తీసివేయకండి. మూకీ చిత్రాల కాలంలో బాలనటుడిగా పేరు మోసిన జాకీ కూగన్ 1938లో తన సంపాదన కోసం కన్నతల్లి మీదా, సవతి తండ్రి మీదా దావా వేయవలసి వచ్చింది, అప్పటికి అందులో చాలా భాగం ఖర్చయిపోయింది. మరుసటి ఏడాదే కాలిఫోర్నియా చట్టం చేసింది. ఇప్పుడక్కడ బిడ్డ ఆదాయంలో 15 శాతం విడిగా దాచాలి.

తెర వెనక స్టైలిస్ట్:

ఐదు గంటలంటున్నారు. ఆ అంకె రెండేళ్లవాడికీ, పదమూడేళ్లవాడికీ ఒక్కటే కావడం నాకు మింగుడుపడదు. నిద్రవేళ దాటిన రెండేళ్లవాడి చేత ఏ పనీ కాదని సెట్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. నియమంలోనే రాసి ఉంటే మేము కూడా షెడ్యూలు అలాగే వేసుకుంటాం.

ఒక నాన్న:

క్లుప్తంగా ఒక హెచ్చరిక. పోర్ట్‌ఫోలియో (పని కోసం చూపించే ఫోటోల ఆల్బమ్) తీస్తామని, రిజిస్ట్రేషన్ అని, ముందుగా మన దగ్గరే డబ్బు అడిగే ఏజెన్సీని నమ్మకండి. నికరమైన ఏజెన్సీ పని ఇప్పించి, వచ్చిన దానిలో కమీషన్ తీసుకుంటుంది. పసివాళ్లు నెల నెలకూ మారిపోతారు కనుక ఖరీదైన పోర్ట్‌ఫోలియో అవసరమే లేదు, ఇంట్లో పగటి వెలుగులో తీసిన ఫోటోలు సరిపోతాయి.

ససేమిరా:

బిడ్డ ఇష్టానికి విరుద్ధంగా చేయించరాదన్న నియమం చదవడానికి బాగుంది. రెండేళ్ల బిడ్డ ఇష్టాన్ని ఎవరు నమోదు చేస్తారు? మళ్లీ సంతకం పెట్టినవారే కదా. నాలుగేళ్ల పాప విషయంలో నేను కొంత తగ్గుతాను. వద్దంటే వద్దని చెప్పగల వయసు, పైగా క్లిప్పుల కథ చూస్తే తనకు ఆసక్తి ఉన్నట్టే తోస్తోంది. బాబు విషయంలో మాత్రం నా మాట మారదు. ఫోటో అవసరమైనది దుస్తుల కంపెనీకి, వాడికి కాదు. ఒకటి అడుగుతాను: మీరు సంతకం చేసిన ఫారంలో ఆ ఫోటోలు ఎంతకాలం వాడుకుంటారో రాసి ఉందా?

చట్టం చదివినవాడు:

మంచి ప్రశ్న. ఏ మాధ్యమంలో, ఏ ప్రాంతంలో, ఎంతకాలం అన్న మూడు విషయాలు రాసి ఉండాలి. “శాశ్వతంగా, సమస్త మాధ్యమాలలో” అని ఉంటే కొట్టివేయమని అడగవచ్చు. ఒక సీజను దుస్తుల క్యాటలాగుకు అంతటి హక్కు అవసరం ఉండదు. ఫోటోను వేరే కంపెనీకి అమ్మరాదన్న షరతు కూడా విడిగా రాయించుకోండి.

ఇద్దరు పిల్లల తల్లి:

ఫారం తీసి చూశాను. మాధ్యమం దగ్గర క్యాటలాగ్, వెబ్‌సైట్ అని ఉంది, కాలపరిమితి గడి ఖాళీగా ఉంది. పాపకు మరో పిలుపు వచ్చింది, అడిగితే వెళ్తానంటోంది. తీసుకువెళ్తాను, తల్లి కూడా మెత్తబడుతుందని స్టైలిస్టుగారు అన్నారు కనుక, ఆపమని చెప్పే పని ఈసారి మా అత్తగారికి అప్పగించి వెంట తీసుకువెళ్తున్నాను. ఆమెకు పాప చేష్టలన్నీ తెలుసు, షూటింగు పూర్తయినా కాకపోయినా ఆమెకు ఒకటే. బాబును ఇప్పట్లో పంపను. పాత ఫారంలో గడువు నింపి, అమ్మకం గురించిన షరతు చేర్చి తిరిగి పంపమని ఏజెన్సీకి నిన్ననే రాశాను. జవాబు రాగానే ఇక్కడ పెడతాను.